ఇంటికిని పనికిని నడుమ

గృహస్థుడు తన కుటుంబమును చిన్నపట్టణమునుండి మహానగరమునకు దరలింప దలచినప్పుడు సాధారణముగా రెండు ప్రశ్నలు వేసికొనును. జీతమెంత? అద్దె యెంత? ఈ రెండింటికిని సరియైన యుత్తరములు దొరకినచో దక్కినవన్నియు వానంతట నవియే చక్కబడునని యాతని నమ్మకము. కాని మూడవ ప్రశ్న యొకటి కలదు. ఇంటికిని పనికిని నడుమ దినమున కెన్ని గంటలు గడచిపోవును? అట్లు పోవు గంటలు ఎవరి సొత్తు? మనవారు దీనిని సౌకర్యమునకు సంబంధించిన సంగతిగా నెంచుచున్నారే కాని ధర్మమునకు సంబంధించినదిగా నెంచుట లేదు. ఇది ధర్మప్రశ్నయే యని చూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ ప్రశ్న మన పూర్వులకు లేదు. మన పిల్లలు చిన్నతనముననే నేర్చు సుమతీ శతకములో నివాసమునకు దగిన యూరి లక్షణములు చెప్పబడినవి. కష్టకాలమున ఋణమొసగు ధనికుడు, రోగమును గుర్తెఱిగి మందిచ్చువాడు, వేసవిలో సైత మింకని నీరు, కర్మలు జరిపించు విద్వాంసుడు, ఈ నాల్గును గల యూరు నివాసయోగ్యమని యా కవి మతము. పని యెంత దూరమున నున్నదని యాతడు విచారింపలేదు. విచారింప నవసరమును లేదు. రైతు పొలము ఊరి పొలిమేరలోనే యుండెను. కుమ్మరి సారె యింటి వెనుకనే తిరిగెను. సాలెవాని మగ్గపుగుంట పడకకు నాల్గడుగుల దూరమున నుండెను. తండ్రి పనిచేయుచుండగా బిడ్డ చూచుచు బెరిగెను. ఇల్లును పనియు వేఱైనది పొగబండియు కర్మాగారమును వచ్చిన తరువాతనే.

మన దేశమున మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16వ తేదిని బొంబాయినుండి థాణాకు 34 కిలోమీటర్లు నడచెను. ఆ మార్గమే కాలక్రమమున నుద్యోగులను వారి యిండ్లకు దూరముగా గొనిపోవు మార్గమయ్యెను. బొంబాయితో దెలుగువారి సంబంధము మిక్కిలి పాతది. నిర్మాణపు పనులకు వెళ్లిన మన కామాటీలనుబట్టియే యచ్చటి కామాటిపురమున కా పేరు వచ్చినది. తెలంగాణమునుండి పద్మశాలీలు పెక్కురు ప్రత్తిమిల్లులలో బనికి జేరిరి. పరేలు, లాల్‌బాగు ప్రాంతముల మిల్లు కార్మికులు కూత వినబడగానే నడచి పనికి బోగల దూరములోనే చాళ్లలో గాపురముండిరి. ఒక్కొక్క గదిలో నెందఱో క్రిక్కిఱిసి యుండుట, నడవ చివర నందఱికి నొకటే మరుగుదొడ్డి యుండుట కూడ నిజమే. కావున నా కాలమును స్వర్గమని వర్ణింప నేను సిద్ధముగా లేను. కాని యా కార్మికునికి బనివేళ ముగిసిన తరువాత మిగిలిన కాలము తనదిగా నుండెను. 1982వ సంవత్సరపు మహాసమ్మె తరువాత మిల్లులు వరుసగా మూతపడగా నా స్థలములం దాకాశహర్మ్యములు లేచినవి. వానిలో బనిచేయువారు నేడు కల్యాణునుండియు విరారునుండియు గ్రిక్కిఱిసిన రైళ్లలో నిలుచుండి వచ్చుచున్నారు. పని సుఖతరమైనది, దారి కఠినమైనది.

హైదరాబాదు కథయు నిట్టిదే, వేగము మాత్రమెక్కువ. మాధాపురమున 1998లో సైబరు టవర్సు అను భవనము వెలసినప్పుడు దాని చుట్టును బండరాళ్లును బయళ్లును మెండు. తరువాతి పాతికేండ్లలో నుద్యోగములు గచ్చిబౌలికిని నానక్‌రాంగూడకును బ్రాకినవి. 2023 ఆగస్టులో గోకాపేటలో ప్రభుత్వము వేలము వేసిన భూమి యెకర మొక్కటికి గరిష్ఠముగా నూఱుకోట్ల రూపాయలను మించి పలికెను. రాజమహేంద్రవరమునుండియో కరీంనగరమునుండియో కుటుంబముతో వచ్చు సామాన్యోద్యోగి యా చుట్టుప్రక్కల నద్దెలు విని, బెదరి, పటము విప్పి, దూరముగా నున్న చౌక యింటిని వెదకుకొనును. అంత పెద్ద యిల్లు, అంత తక్కువ ధరకు! ఇందు నష్టమెక్కడ నున్నది?

నష్టమే లేదని యర్థశాస్త్రము చాలకాలము చెప్పుచు వచ్చినది. జర్మనీలో ఫాన్ థూనెన్ 1826లో బొలములనుగూర్చియు, అమెరికాలో విలియం అలాన్సో 1964లో నగరముల నివాసములనుగూర్చియు నించుమించుగ నొకే సిద్ధాంతమును బ్రతిపాదించిరి. కేంద్రమునుండి దూరము పెరిగినకొలది భూమి వెల తగ్గును. ఆ తగ్గుదల ప్రయాణపు టిబ్బందికి బరిహారము. కావున దగ్గఱనున్న చిన్న యింటివాడును దూరముననున్న పెద్ద యింటివాడును సమాన సుఖులు కావలెను. తర్కము చక్కగా నున్నది. కాని స్విట్జర్లాండు దేశపు అర్థశాస్త్రజ్ఞులు బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టుట్జర్ అనువారు జర్మనీ కుటుంబముల సమాచారమును బరీక్షించి, 2004లో వేఱొక సంగతి ప్రకటించిరి. ఎక్కువ దూరము ప్రయాణము చేయువారు తమ జీవితముపట్ల దక్కువ తృప్తి గలిగియున్నారనియు, చౌక యిల్లుగాని హెచ్చు జీతముగాని యా లోటును బూరింప జాలలేదనియు వారు తేల్చిరి. ఆ యేటనే డేనియల్ కానెమన్ తన సహచరులతో గూడి టెక్సాసు రాష్ట్రపు 909 మంది యుద్యోగినులను గతదినమున నేయే పని చేయునప్పు డెట్లుంటిరని యడుగగా, ప్రాతఃకాలమున బనికి బోవు ప్రయాణము సంతోషపు పట్టికలో నట్టడుగున నిలిచెను.

దీనికి గారణ మూహింప గష్టము కాదు. పెద్ద యింటికి మనము త్వరలో నలవాటు పడుదుము. మూడవ పడకగది యాఱుమాసములలో బాతసామానుల కొట్టయి యాశ్చర్యమును గోల్పోవును. దారి యట్లు కాదు. అది దినదినము నొక క్రొత్త విధమున బాధించును. నేడు వాన, ఱేపు ఊరేగింపు, ఎల్లుండి వంతెన పని. నిత్యము నొకే తీరున నుండు బాధకు మనస్సు మొద్దుబారును గాని, ఎప్పుడెంత వచ్చునో తెలియని బాధకు మొద్దుబారదు.

లెక్క వేసి చూతము. ఒక గృహస్థుడు దినమునకు మూడుగంటలు ప్రయాణమునందు గడపు ననుకొందము. ఏటికి 250 పనిదినములైనచో 750 గంటలు. దగ్గఱగా నుండి యొక్క గంటలోనే పోయి వచ్చువానికి 250 గంటలు. భేదము 500 గంటలు. మేల్కొనియుండు కాలము దినమునకు బదునాఱు గంటలుగా జూచినచో ఇది ముప్పదియొక్క దినములు. అనగా దూరపు టింటివాడు ఏటేట నొక సంపూర్ణమాసమును దారికి శిస్తుగా జెల్లించుచున్నాడు. ఆతని సంవత్సరమునకు బదునొకండే నెలలు. దగ్గఱి యింటి యద్దె నెలకు బదివేల రూపాయలు హెచ్చనుకొన్నను, ఏటికయ్యెడి లక్షయిరువదివేలను 500 గంటలకు బంచగా గంటకు 240 రూపాయలగును. భార్యాభర్త లిద్దఱును అట్లే ప్రయాణము చేయువారైనచో 120 రూపాయలే. అద్దె చీటి నెలనెల కంటికి గనబడును గనుక మనము భయపడుచున్నాము. దారి పంపు చీటి యెన్నడును గనబడదు గనుక నిర్భయముగా జెల్లించుచున్నాము.

కాని యీ లెక్కతో వ్యాసము ముగియదు. కాలమును రూపాయలలోనికి మార్చి తృప్తిపడినచో మనము ప్రశ్నను తప్పించుకొన్నవార మగుదుము. అసలు ప్రశ్న యేమన, ఆ గంటలు ఎవరివి? మన ధర్మశాస్త్రములు మనుష్యుడు ఋణములతోనే పుట్టునని చెప్పినవి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. ఈ మాటలను నేటి వ్యవహారమున కన్వయించినచో దేలునది యిది: గృహస్థుని సాయంకాలము ముందుగానే తాకట్టు పడియున్నది. దానిలో బిడ్డకు భాగమున్నది, భార్యకు భాగమున్నది, వృద్ధులైన తలిదండ్రులకు భాగమున్నది, చదువుకు భాగమున్నది, ఇరుగుపొరుగునకు భాగమున్నది. తనదికాని సొమ్మును దనదిగా దలచి ఖర్చుచేయువానిని మనమేమని పిలుచుచున్నాము?

పదునెనిమిదేండ్లుగా బడిపంతులునై యున్నవాడను గనుక నీ సంగతియొక్క రెండవ కొస నాకు దినమును గనబడుచుండును. మొదటి పాఠమున దలవ్రాల్చు బాలుని సోమరియని మందలించుటకు ముందు నీ వెన్నిగంటలకు బస్సెక్కితివని యడుగుట నా యలవాటు. ఆఱుంబావు, ఆఱున్నర యని యుత్తరములు వచ్చును. ఆ బిడ్డలు తమ తండ్రిని ఆదివారమున మాత్రమే వెలుతురులో జూతురు. తక్కిన దినములలో నాతడు బిడ్డ నిద్రించిన తరువాత వచ్చును. బిడ్డ లేవకముందో, లేచి బస్సెక్కిన తరువాతనో వెడలును. ఇంతయు బిడ్డకొఱకే యని యా తండ్రి మనసార నమ్మును. ఆతని త్యాగము నిజమే. కాని త్యాగఫలమును బొందవలసినవాడు త్యాగముచేతనే నష్టపడుచున్నాడు.

ఇంతకంటె మఱుగుపడిన యన్యాయ మొకటి కలదు. ఇల్లెక్కడ దీసికొనవలెనను నిర్ణయము మన కుటుంబములలో నెట్లు జరుగునో చూడుడు. మొదట భర్త కార్యాలయమును గుర్తింతురు. తరువాత బిడ్డల పాఠశాలను గుర్తింతురు. భార్య యుద్యోగినియైనను నామె కార్యాలయమునకు బటములో మిగిలిన దూరమే దక్కును. ఆమె రెండు బస్సులు మాఱి యేడున్నరకు నిల్లు చేరును. భర్తయు నేడున్నరకే చేరును. ఆతడు కాళ్లు కడిగికొని కూర్చుండును. ఆమె కాళ్లు కడిగికొని పొయ్యి వెలిగించును. ఇట్లు రెండేండ్లు గడచిన తరువాత నామె యొకనాడు, ఇక నావలన గాదు, ఉద్యోగము మానుదునని చెప్పును. బంధువులు, ఆమె స్వేచ్ఛగా నట్లు నిర్ణయించుకొన్నదని చెప్పుకొందురు. ఆ నిర్ణయ మామె చేసినది కాదు; ఇల్లు కుదుర్చుకొన్ననాడే మఱియొకరు చేసినది. స్త్రీవిద్యనుగూర్చి సభలలో నుపన్యసించు మనము, ఆ విద్య ఫలించుటకు గార్యాలయమునకును నింటికిని నడుమ నెంత దూరముండవచ్చునో విచారింపకున్నచో మన సంస్కారము సగములోనే యాగిపోయినట్లు. తెలంగాణములో 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టునుండియు ఆర్టీసీ బస్సులలో స్త్రీల కుచితప్రయాణము లభించుచున్నది. పేదస్త్రీ కిది గొప్ప మేలు. కాని బస్సు టిక్కెట్టును మన్నింపవచ్చును గాని బస్సులో గడచిన గంటను మన్నింప నెవ్వరి తరము?

వృద్ధుల మాటయు మఱవరాదు. తెనాలిలో నరుగుమీద గూర్చుండి పోవువారిని వచ్చువారిని బలుకరించుచుండిన తల్లిని దెచ్చి పదునాల్గవ యంతస్తున గూర్చుండబెట్టి, కొడుకు కోడలు మనుమలు నుదయముననే దారిబట్టి పోవుదురు. ఆమె కన్నమునకు లోటులేదు, మాటకే లోటు. కుటుంబమును దరలించితిమని మనమనుకొందుము. తరలించినది దేహములను మాత్రమే. కుటుంబ మింకను దారిలోనే యున్నది.

ఇందులకు గొన్ని యాక్షేపణలు వచ్చును. మొదటిది: క్రొత్త మార్గములు వచ్చుచున్నవి గదా, వేగము పెరిగిన దూరము తగ్గును గదా యని. అనుభవమట్లు లేదు. ఇటలీ దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు సెసారే మార్కెట్టి 1994లో నొక విచిత్రవిషయమును వివరించెను. నడకకాలమునుండి మోటారుకాలము వరకు మనుష్యుడు దినమునకు సుమారొక గంటనే ప్రయాణమునకు వినియోగించుచు వచ్చెనట. వాహనము వేగమైనకొలది యాతడు కాలమును మిగుల్చుకొనక మఱింత దూరమున నిల్లు కట్టుకొనెను. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చినప్పుడును నిదియే జరిగినది. దారి తెఱచుకొన్నంతనే దాని వెంబడి యిండ్లు లేచినవి. ఆ గంట ప్రమాణము పూర్వపు టూళ్లలో దానంతట నిలిచెను. మహానగరములలో దానిని గృహస్థుడే పట్టుబట్టి నిలుపుకొనవలసి వచ్చుచున్నది.

రెండవ యాక్షేపణ: అద్దె నీళ్లపాలు, స్వంతయిల్లు ఆస్తి, దూరమైనను గొనుట వివేకమని. ఆస్తి సంపాదించుట పురుషార్థములలో నొకటియే, కాదనను. కాని యర్థము ధర్మమునకు లోబడియుండవలెనని పెద్దలు చెప్పిరి. ఇరువదియేండ్లు వాయిదాలు చెల్లించి కడకు బిడ్డ కొసగు నిల్లు, ఆ యిరువదియేండ్లు బిడ్డకొసగని సాయంకాలములకు బదులు కాజాలునా? బాల్యము వాయిదాలలో వచ్చునది కాదు.

మూడవ యాక్షేపణయే బలమైనది. దగ్గఱ నుండుమని చెప్పుట సులభము. ఆ యద్దెకొఱకు నప్పులుచేసి, ఆ యప్పులకొఱకు రాత్రింబవళ్లు పనిచేసి, దారిలో మిగిలిన గంటలను గార్యాలయమునకే ధారవోయువాని కేమి లాభమని. నిజము. దారికి దాసుడగుట యెట్టిదో అద్దెకు దాసుడగుటయు నట్టిదే. ఆదాయములో నింటికి బోవు భాగము మితిమీరినచో నింటిలో శాంతి యుండదు. కావున దగ్గఱ పెద్ద యిల్లు కోరరాదు. దగ్గఱ చిన్న యిల్లు కోరవలెను. ఒక గది తగ్గించుకొనినచో నొక గంట వచ్చును. ఆ గంట కూడ జేతిలోని ఫోనుకే యర్పితమైనచో నేనేమియు జెప్పజాలను. మిగిల్చిన కాలమును దాని హక్కుదారులకు జెల్లించువానికే యీ లెక్కలు.

భరింపదగిన ప్రయాణమన నేది? దూరమునుబట్టి కాదు, నిమిషములనుబట్టి మాత్రమును గాదు. నిత్యమించుమించు నొకే కాలము పట్టునది, దినమున కొక్క గంటకు మిక్కిలి మించనిది, దీపములు పెట్టు వేళకు నొకరైనను నిల్లు చేరనిచ్చునది భరింపదగినది. ముప్పావుగంట తప్పక పట్టు రైలు, ఒకనాడరగంటయు నొకనాడు గంటన్నరయు బట్టు రహదారికంటె మేలు. పటమును మాత్రము నమ్మరాదు. మియాపూరు, రాయదుర్గము పటములో మిక్కిలి దగ్గఱ. కాని 2017లో బ్రారంభమైన మెట్రోలో బోవువాడు మియాపూరునుండి మొదట నమీరుపేట వరకు బోయి, బండి మాఱి, మఱల బడమరకు రావలెను. 2003నుండి నడచుచున్న ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలు లింగంపల్లి వారికి జౌక. కాని దాని వేళలకు మన వేళలు కుదురవలెను. కాబట్టి యిల్లు చూడబోవువాడు ఆదివారమున మధ్యాహ్నమున బోరాదు. సోమవారమున, వీలైన వానకాలమున, కార్యాలయపు వేళకే యా దారిని బోయి రావలెను. మొదటి సంవత్సర మద్దెకే యుండవలెను. ఇంటిలో బ్రయాణము చేయువారందఱి గంటలను నొక కాగితముమీద గూడి చూడవలెను. ఎవరి ప్రయాణ మందఱికంటె దీర్ఘమో వారి సమ్మతి లేక సంతకము చేయరాదు. ఇవన్నియు జూచిన తరువాత తరలకుండుటయే మేలని తోచినచో నందు సిగ్గుపడ నేల? 2020 తరువాత నింటినుండియే చేయదగిన పనులు కొన్ని యున్నవని లోకమునకు దెలిసినది. అట్టి పనిగలవాడు విజయవాడలోనో వరంగల్లులోనో తల్లి యరుగు ప్రక్కనే యుండిపోవుట యోటమి కాదు.

కాని యొక్క మాట. ఎంచుకొను శక్తి గలవారి ధర్మమునుగూర్చి మాత్రమే యింతవఱకు వ్రాసితిని. నగరములో నధికసంఖ్యాకుల కా శక్తి లేదు. కార్యాలయమునకు దగ్గఱగా నుండు మన యింటిలో నంట్లు తోము స్త్రీ, ద్వారమున గావలియుండు వృద్ధుడు, బిడ్డను బడికి గొనిపోవు వాహనపు చోదకుడు, వీరెచ్చటినుండి వచ్చుచున్నారని మన మెప్పుడైన నడిగితిమా? మనము మిగుల్చుకొన్న గంట పలుమార్లు వారి సాయంకాలమునుండి తెగి వచ్చినదే. నూఱుకోట్లకు నెకర మమ్ము ప్రభుత్వము ఆ ప్రక్కనే పనివారికి నివాసము కల్పింపవలసిన బాధ్యతను విడువరాదు. అది జరుగువఱకు మన చేతిలోనున్నది చిన్న పని: వచ్చువేళలో నరగంట యాలస్యమును దప్పుగా నెంచకుండుట, పోవువేళలో మఱి యరగంట నిలుపకుండుట. వారికిని దీపముల వేళ కలదు. వారి బిడ్డలును వాకిట నిలిచి దారి చూచుచుందురు.